రాబిన్ తొలి అడుగుల నుంచి సొంత కంపెనీ దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

స్వీడన్ పాప్ గాయని రాబిన్ పాటలు తెలుగువాళ్లలో చాలామందికి 2010 తర్వాతే పరిచయమయ్యాయి. వెనక్కి వెళ్లి తొలినాటి పాటలు వెతకబోతే చిక్కులు ఎదురవుతాయి. ఒకే పేరుతో ఇద్దరు గాయనులు, ఒకే పేరుతో రెండు పాటలు, ఒకే ఆల్బమ్‌కు రెండు మూడు రూపాలు కనిపిస్తాయి. ఆమె బాల్యం నుంచి 2008 దాకా ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి.

ఇంతకీ ఏ రాబిన్?

అసలు పేరు రాబిన్ మిరియం కార్ల్‌సన్. 1979 జూన్ 12న స్టాక్‌హోమ్‌లో పుట్టింది. రికార్డుల మీద ఇంటిపేరు వాడదు. ఇంగ్లీషులో పేరు రాసేటప్పుడు ‘బి’ తర్వాత ‘ఐ’ కాకుండా ‘వై’ పెడుతుంది. వెతికేటప్పుడు ఈ ‘వై’ తప్పితే వేరేవాళ్ల పాటలు ముందుకొస్తాయి.

‘షో మీ లవ్’ రెండు రకాలుగా వినిపిస్తోంది. ఏది ఆమెది?

రెండూ వేర్వేరు పాటలు, పాడినవాళ్లూ వేర్వేరు. డాన్స్ క్లబ్బుల్లో ఇప్పటికీ మోగే, ఆర్గాన్‌లాంటి బేస్ శబ్దంతో మొదలయ్యే హౌస్ పాట రాబిన్ ఎస్ అనే అమెరికన్ గాయనిది. అది 1993లో పెద్ద హిట్టు. స్వీడన్ రాబిన్ పాట 1997లో సింగిల్‌గా, అంటే విడి పాటగా, వచ్చింది. దాన్ని ఆమె స్వీడన్ పాటల రచయిత, నిర్మాత మాక్స్ మార్టిన్‌తో కలిసి రాసింది. నడక కాస్త నిదానం, పాప్, ఆర్ అండ్ బీ కలిసిన బాణీ. పాత ప్లేలిస్టుల్లో ఒకరి పాట కింద మరొకరి ఫొటో కనిపిస్తూనే ఉంటుంది. పాట వివరాల్లో రచయితల పేర్లు తెరిచి చూడండి. మాక్స్ మార్టిన్ పేరుంటే మీరు వెతుకుతున్నది అదే.

1998లో లూకాస్ మూడిసన్ తీసిన స్వీడిష్ సినిమాకు ఇంగ్లీషు దేశాల్లో ‘షో మీ లవ్’ అని పేరు పెట్టారు. ఆ పేరు సినిమాలో వాడుకున్న ఈ పాట నుంచి వచ్చిందే. పాట సినిమా కోసం పుట్టలేదు. అప్పటికే హిట్టయిన పాటను సినిమా తీసుకుంది. మన దగ్గర పాట సినిమాలోంచి బయటికొస్తుంది కాబట్టి ఈ వరస తిరగేసి చెప్పేవాళ్లు చాలామంది.

చిన్నతనంలోనే పాడేదా?

పాడటం కంటే ముందు రంగస్థలం తెలిసింది. అమ్మానాన్నలు ఒక స్వతంత్ర నాటక బృందం నడిపేవారు. పసితనమంతా ఆ బృందంతో ఊరూరా తిరగడంలోనే గడిచింది. 1989లో వచ్చిన ‘రేసాన్ తిల్ మెలోనియా’ అనే స్వీడిష్ యానిమేషన్ సినిమాలో మిరాండా పాత్రకు గొంతు ఇచ్చింది. 1991లో, పన్నెండేళ్ల వయసులో, పిల్లల కోసం టీవీలో వచ్చే ఆటల కార్యక్రమానికి శీర్షిక గీతం పాడింది.

ఈ రెండింటికన్నా మేము ముఖ్యమనుకునేది వేరే ఉంది. అమ్మానాన్నలు విడిపోయినప్పటి బాధ మీద తానే ఒక పాట రాసుకుని టీవీలో పాడింది. తర్వాత పాతికేళ్లు ఆమె చేసిన పని అక్కడే మొదలైందని మా అభిప్రాయం. తన జీవితంలో జరిగింది తానే రాయాలి, తన గొంతుతోనే పాడాలి. కంపెనీలతో వచ్చిన గొడవలన్నీ చివరికి ఈ విషయం దగ్గరికే వచ్చి ఆగాయి.

మొదటి ఒప్పందం ఎలా కుదిరింది?

1990ల మొదట్లో రాబిన్ చదివే బడిలో ఒక సంగీత శిక్షణ శిబిరం జరిగింది. అప్పట్లో లెగసీ ఆఫ్ సౌండ్ బృందంలో పాడుతున్న మేయా అక్కడికి వచ్చి ఈ పిల్ల గొంతు విని, తన బృందం చూసుకునేవాళ్లకు చెప్పింది. పద్నాలుగేళ్లకే రికొషే రికార్డ్స్‌తో ఒప్పందం కుదిరింది. 1994లో ఆ చిన్న కంపెనీని బీఎంజీ అనే పెద్ద రికార్డు సంస్థ కొనేసింది. తాను సంతకం చేసిన కంపెనీ ఒకటి, పని చేయాల్సి వచ్చిన కంపెనీ మరొకటి అయ్యాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎనిమిదేళ్ల తర్వాత ఇదే మళ్లీ జరుగుతుంది.

మొదటి సింగిల్ 1994లో, మొదటి ఆల్బమ్ ‘రాబిన్ ఈజ్ హియర్’ 1995 అక్టోబరులో వచ్చాయి. అప్పటికి ఆమెకు పదహారేళ్లు.

ఆ మొదటి ఆల్బమ్ మొత్తం మాక్స్ మార్టిన్ చేసిందే కదా?

కాదు. అందరూ చేసే పొరపాటు ఇదే. ఆల్బమ్‌లో ఎక్కువ పాటలకు ఉల్ఫ్ లిండ్‌స్ట్రోమ్, యోహాన్ ఎక్కే అనే ఇద్దరు పనిచేశారు. రాబిన్‌తో కలిసి రాసిందీ, శబ్దం కూర్చిందీ వాళ్లే. మాక్స్ మార్టిన్, ఆయన గురువు డెనిజ్ పాప్ చేసినవి రెండే పాటలు, ‘డూ యూ నో’, ‘షో మీ లవ్’. అమెరికాలో హిట్టయినవి ఆ రెండూ కావడంతో మిగతావాళ్ల పేర్లు వెనక్కిపోయాయి. 1997లో రెండూ అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 7వ స్థానం దాకా వెళ్లాయి.

తేడా చెవికి తెలుస్తుంది. లిండ్‌స్ట్రోమ్, ఎక్కేల పాటల్లో అమెరికన్ ఆర్ అండ్ బీ ఛాయ ఎక్కువ, గొంతుకు విరుపులకూ గమకాలకూ చోటు దొరుకుతుంది. మాక్స్ మార్టిన్, డెనిజ్ పాప్ పనిచేసిన కైరాన్ స్టూడియో పాటల్లో బాణీదే పెత్తనం. పల్లవి కోసం చరణం దారి ఇస్తుంది. మాట అర్థం కాకపోయినా రెండోసారి వినేటప్పటికి నోట్లో ఆడుతుంది.

కైరాన్ అంటే?

స్టాక్‌హోమ్‌లో కుంగ్స్‌హోల్మెన్ ప్రాంతంలోని స్టూడియో. 1992లో డెనిజ్ పాప్, టామ్ టాలోమా కలిసి పెట్టారు. తర్వాత బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్, బ్రిట్నీ స్పియర్స్ హిట్లు అక్కడే తయారయ్యాయి. డెనిజ్ పాప్ 1998 ఆగస్టులో చనిపోయాడు, 2000లో స్టూడియో మూతపడింది. రాబిన్ అక్కడ అడుగుపెట్టింది బ్రిట్నీ కంటే ముందు. అందుకే ఆ స్టూడియో శబ్దాన్ని అమెరికా దాకా మోసుకెళ్లిన తొలి గొంతుల్లో ఆమెదీ ఒకటి.

పదహారేళ్ల పిల్ల నిజంగా పాటలు రాసిందా, పేరుకేనా?

రాసింది. మన సినిమా పాటలో సాహిత్యం ఒకరిది, బాణీ ఒకరిది, గొంతు మరొకరిది. ఎవరి పని ఎక్కడ ఆగుతుందో అందరికీ తెలుసు. స్వీడిష్ పాప్‌లో ఆ గీతలు లేవు. ఇద్దరు ముగ్గురు ఒకే గదిలో కూర్చుంటారు, ఒకరు కీబోర్డు మీద స్వరాల వరస పట్టుకుంటారు, ఇంకొకరు అర్థం లేని అక్షరాలతో బాణీ హమ్ చేస్తారు, మాటలు చివర్లో వస్తాయి. పాట పూర్తయ్యాక గదిలో ఉన్నవాళ్లంతా రచయితలే. ఎవరి వాటా ఎంతో అప్పుడే మాట్లాడుకుంటారు.

ఇందులో చెడు కూడా ఉంది. పేరున్న గాయకులు ఒక్క మాట మార్చి రచయితగా వాటా అడిగిన సందర్భాలు పాప్ పరిశ్రమలో కొల్లలు. రాబిన్ విషయంలో ఆ అనుమానం నిలవదు. 1997లో స్వీడన్ మెలడీఫెస్టివాలెన్ పోటీకి, అంటే యూరోవిజన్‌కు స్వీడన్ పాటను ఎంచుకునే పోటీకి, లిండ్‌స్ట్రోమ్, ఎక్కేలతో కలిసి ఒక పాట రాసి వేరే గాయనికి ఇచ్చింది. కైసాలిసా ఎయెమీర్ పాడిన ఆ పాట నాలుగో స్థానంలో నిలిచింది. తాను పాడని పాటకు పేరుకే రచయిత కావాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. పైగా రెండో ఆల్బమ్‌లోని 14 పాటల రచనలోనూ ఆమె చేయి ఉంది.

అమెరికాలో అంత హిట్టయ్యాక ఎందుకు తిరిగొచ్చేసింది?

ఒంట్లో ఓపిక అయిపోయింది. తీవ్రమైన అలసట అని వైద్యులు తేల్చాక స్వీడన్‌కు వచ్చేసింది. అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఒక హిట్టు పాట వెనక ఎంత పని ఉంటుందో తెలిస్తే ఇది ఆశ్చర్యం కాదు. ఆ రోజుల్లో అమెరికాలో పాట పైకెక్కాలంటే రేడియోనే దిక్కు. ఊరికో స్టేషను, స్టేషనుకో ఇంటర్వ్యూ, సాయంత్రం ఒక ప్రదర్శన, పొద్దున్నే మళ్లీ విమానం. అమెరికాలో ఆల్బమ్ 1997 వేసవిలో విడుదలైంది, స్వీడన్‌లో వచ్చిన దాదాపు రెండేళ్లకు. తాను పదిహేనేళ్లప్పుడు రాసిన పాటల్నే కొత్తవాటిలా మళ్లీ మొదటి నుంచి అమ్ముకుంటూ తిరగాల్సి వచ్చింది.

రెండో ఆల్బమ్ ‘మై ట్రూత్’ అమెరికాలో ఎందుకు రాలేదు?

1999 మేలో స్వీడన్‌లో విడుదలైంది, అక్కడి ఆల్బమ్ పట్టికలో 2వ స్థానం చేరింది. అమెరికాలో మాత్రం రాలేదు. 1998లో తాను చేయించుకున్న గర్భస్రావం గురించి ఆమె ఇందులో పాటలు రాసింది. ‘గివింగ్ యూ బ్యాక్’ వాటిలో ఒకటి. అక్కడి కంపెనీ మార్పులు కోరింది. ఆమె ఒప్పుకోలేదు. ఆల్బమ్ ఆగిపోయింది.

ఇక్కడ ఒప్పందం లోపలి సంగతి చూడాలి. మాస్టర్, అంటే అసలు రికార్డింగు, కంపెనీ ఆస్తి. ఏ దేశంలో విడుదల చేయాలో, అసలు చేయాలో వద్దో కంపెనీ చేతిలో ఉంటుంది. గాయని చేతిలో ఉండేది ఒక్క ‘కాదు’ మాత్రమే. ‘ఈ పాట తీసేసి విడుదల చేయండి’ అనే మాటకు ఆమె కాదంది, ‘ఈ పాటతో విడుదల చేయం’ అని కంపెనీ అంది. రెండో ‘కాదు’ది పైచేయి అయింది, ఎందుకంటే టేపులు ఉన్నది వాళ్ల దగ్గర. పాట రాసిన హక్కు తన దగ్గరున్నా ఆ రికార్డింగును ఇంకెక్కడా ఇచ్చుకోలేదు. పందొమ్మిది, ఇరవై ఏళ్ల వయసులో ఆ ‘కాదు’ అనడానికి ఎంత ధైర్యం కావాలో, ముందటి ఆల్బమ్ అమెరికాలో ప్లాటినం అయిందని గుర్తుంచుకుని ఆలోచించండి.

కంపెనీ మారితే సరిపోయేది కదా?

మారింది. 2001లో జైవ్ రికార్డ్స్‌కు వెళ్లింది. కానీ జైవ్‌ను నడిపే జోంబా సంస్థ మొత్తాన్ని 2002లో బీఎంజీ దాదాపు 270 కోట్ల డాలర్లకు కొనేసింది. ఎవరిని వదిలి వచ్చిందో మళ్లీ వాళ్ల ఇంట్లోనే తేలింది. 2002 అక్టోబరులో మూడో ఆల్బమ్ ‘డోంట్ స్టాప్ ద మ్యూజిక్’ స్వీడన్‌లో 2వ స్థానం చేరినా, బయటి దేశాలకు సరిగా వెళ్లలేదు. అందులోని ‘కీప్ దిస్ ఫైర్ బర్నింగ్’ను తర్వాత బ్రిటిష్ గాయని బెవర్లీ నైట్ పాడింది. చాలామంది అది నైట్ సొంత పాటే అనుకుంటారు.

ద నైఫ్ బృందం పాత్ర ఏమిటి?

చాలా పెద్దది. కారిన్ డ్రెయేర్, ఊలోఫ్ డ్రెయేర్ అనే అక్కాతమ్ముళ్ల జంట ద నైఫ్. 2014లో విడిపోయేదాకా ఎలక్ట్రానిక్ సంగీతం చేశారు, తమ రికార్డుల్ని రాబిడ్ రికార్డ్స్ అనే సొంత కంపెనీ మీద విడుదల చేసుకునేవారు. రాబిన్ వాళ్లతో కలిసి ‘హూజ్ దట్ గర్ల్’ చేసింది. మంచి అమ్మాయి అంటే ఇలా ఉండాలని లోకం గీసిన బొమ్మకు సరిపోని అమ్మాయి పాట అది. సింథ్ గరుకుగా, కాస్త వంకరగా మోగుతుంది. కంపెనీకి నచ్చలేదు.

ఈ పాట దగ్గరే ఆమె తెగించింది. ఒప్పందం నుంచి బయటపడి 2005లో కొనిచివా రికార్డ్స్ పెట్టుకుంది. ద నైఫ్ నుంచి ఆమె తీసుకున్నది శబ్దం మాత్రమే కాదు. ఇద్దరు మనుషులు పెద్ద కంపెనీ లేకుండా రికార్డులు తీసి అమ్ముకోగలరని కళ్లముందు చూపించింది వాళ్లే.

కంపెనీ పేరు జపనీస్ మాటా?

‘నమస్కారం’ లాంటి జపనీస్ పలకరింపే. కానీ పేరు పుట్టింది అమెరికన్ టీవీలో డేవ్ షాపెల్ చేసిన ఒక హాస్య ఘట్టం నుంచి. జపనీస్ మాటను ఇంగ్లీషులో రాస్తే ‘ఎన్’ రెండుసార్లు వస్తుంది, ఈ కంపెనీ పేరులో ఒక్కసారే. వెతికేటప్పుడు ఆ తేడా చూసుకోండి.

సొంత కంపెనీ అంటే అసలు ఏం చేయాలి? స్టూడియో కట్టాలా?

అక్కర్లేదు. రికార్డు కంపెనీ అంటే భవనం కాదు, హక్కుల దస్త్రం. మూడు వేర్వేరు హక్కుల్ని విడదీసి చూస్తే అంతా తేలికవుతుంది.

మొదటిది పాట మీద హక్కు, అంటే మాట, బాణీ. స్వీడన్‌లో ఈ డబ్బు వసూలు చేసి రచయితలకు పంచే సంఘం స్టిమ్, 1923 నుంచి ఉంది. రెండోది రికార్డింగు మీద హక్కు, మాస్టర్ అనేది దీన్నే. రేడియోలో మోగినప్పుడు రికార్డింగు సొంతదారుకూ డబ్బు వస్తుంది. మూడోది పాడినవాళ్ల, వాయించినవాళ్ల హక్కు, దాని సంఘం సామి. పెద్ద కంపెనీలో ఉన్నప్పుడు రాబిన్‌కు మొదటిదీ మూడోదీ ఉన్నాయి. సొంత కంపెనీ పెట్టాక రెండోది కూడా చేతికొచ్చింది. ఎక్కడ, ఎప్పుడు, ఏ పాటలతో విడుదల చేయాలన్న నిర్ణయం కూడా ఆ రెండోదానితోనే వచ్చింది. డబ్బు కంటే ఇదే విలువైనదని ‘మై ట్రూత్’ అనుభవం చెబుతుంది.

చేతిపనిగా చూస్తే వరస ఇలా ఉంటుంది. సంస్థను నమోదు చేయాలి. రికార్డింగుకు డబ్బు పెట్టాలి, ప్రతి సంగీతకారుడితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. ప్రతి రికార్డింగుకు దాన్ని గుర్తుపట్టే ఒక ఐఎస్‌ఆర్‌సి సంకేతం ఇవ్వాలి. అందులో 12 అక్షరాలూ అంకెలూ ఉంటాయి: దేశానికి 2, సంస్థకు 3, ఏడాదికి 2, వరస సంఖ్యకు 5. రీమిక్స్ చేస్తే కొత్త సంకేతం ఇవ్వాలి. అదే రికార్డింగును సంకలనంలో వేస్తే పాత సంకేతమే ఉంచాలి. ఈ రెండూ తారుమారైతే ఒక పాట ఆదాయం మరోదాని ఖాతాలో పడుతుంది. తర్వాత పంపిణీదారును చూసుకోవాలి. 2005లో ఇంకా సీడీల కాలం కాబట్టి ముద్రణ, దుకాణాలకు సరఫరా, అమ్ముడుపోనివి వెనక్కి తీసుకోవడం కూడా ఉండేవి. ఎక్కువ ముద్రిస్తే గోదాములో మూలుగుతాయి, తక్కువ ముద్రిస్తే పాట రేడియోలో మోగుతున్న వారంలోనే దుకాణంలో సరుకు ఉండదు. చిన్న కంపెనీలు మునిగేది ఎక్కువగా ఈ ముద్రణ లెక్కలోనే.

డబ్బులో తేడా ఎంత?

రాబిన్ ఒప్పందాల్లోని అంకెలు కాకుండా, లెక్క పద్ధతి తెలియడానికి ఒక ఊహ తీసుకుందాం. రికార్డింగు ఖర్చు 10 లక్షల క్రోనర్లు (స్వీడన్ కరెన్సీ), గాయని వాటా 15 శాతం అనుకోండి. పెద్ద కంపెనీ ఒప్పందంలో ఆ 10 లక్షలు గాయని వాటాలోంచే తీరాలి. అంటే కంపెనీకి సుమారు 66 లక్షల 67 వేలు వచ్చేదాకా ఆమెకు పైసా రాదు. అప్పటికి ఖర్చు పోను కంపెనీ చేతిలో 56 లక్షలకు పైగా మిగిలి ఉంటాయి. ఖర్చు తీర్చింది గాయని, మాస్టర్ మాత్రం కంపెనీదే.

సొంత కంపెనీ అయితే? పంపిణీదారు 20 శాతం తీసుకుంటాడనుకుంటే 12 లక్షల 50 వేల రాబడితోనే పెట్టుబడి తిరిగొస్తుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి 100లో 80 ఆమెవే, అందులోంచి ప్రచారం, నిర్మాతల వాటాలు చెల్లించాలి. పాట ఆడకపోతే మాత్రం 10 లక్షలూ ఆమెవే పోతాయి. పెద్ద కంపెనీలో అయితే పాట పోయినా గాయని ఇల్లు అమ్ముకోవాల్సిన పని ఉండదు. ఈ రెండో సగం చెప్పకుండా ‘సొంత కంపెనీ పెట్టుకోండి’ అని సలహా ఇవ్వడం మోసమే.

2005 ఆల్బమ్ ఎవరితో చేసింది? ఆడిందా?

పేరు ‘రాబిన్’ అనే పెట్టింది. నాలుగో ఆల్బమ్‌కు తన పేరు పెట్టడం అంటే మళ్లీ మొదలుపెట్టడమే. ముఖ్య భాగస్వామి టెడ్డీబేర్స్ బృందానికి చెందిన క్లాస్ ఓలుండ్. అలెగ్జాండర్ క్రోన్‌లుండ్, ద నైఫ్ కూడా ఉన్నారు. మొదటి సింగిల్ ‘బీ మైన్’ ఓలుండ్‌తో రాసింది. దక్కని మనిషి గురించిన పాట. కింద తంత్రీ వాద్యాలు ఉరుకులు పెడుతుంటే, పైన గొంతు దాచుకోకుండా ఓటమి ఒప్పుకుంటుంది. ఏడిపించే మాట, ఆడించే తాళం. తర్వాతి ఆమె పెద్ద పాటలన్నిటికీ విత్తనం ఇందులో ఉంది. వంద మంది మధ్య ఆడుతూనే ఒంటరిగా ఉండే ఆ భావాన్ని ఇంత సూటిగా పట్టుకున్న పాప్ గాయని మాకు ఇంకొకరు కనిపించలేదు.

2005 ఏప్రిల్‌లో స్వీడన్‌లో విడుదలై 1వ స్థానం అందుకుంది. పెద్ద కంపెనీల్లో చేసిన ఆల్బమ్‌లు ఏవీ రెండో స్థానం దాటకపోతే, సొంత డబ్బుతో చేసింది శిఖరానికెక్కింది. ఆ ఏడాది పనికి 2006లో మూడు గ్రామిస్ పురస్కారాలు వచ్చాయి: ఉత్తమ ఆల్బమ్, ఉత్తమ పాప్ గాయని, ఓలుండ్‌తో కలిపి ఉత్తమ స్వరకర్త. గ్రామిస్ అంటే స్వీడన్ పురస్కారం, అమెరికన్ గ్రామీ వేరు. గ్రామీల్లో ఈ ఆల్బమ్‌కు 2009లో ఎలక్ట్రానిక్, డాన్స్ విభాగంలో నామినేషన్ దక్కింది.

నా దగ్గరున్నది ఆ ఆల్బమ్‌లో ఏ రూపం?

పాటల జాబితా చూడండి. ‘విత్ ఎవ్రీ హార్ట్‌బీట్’, ‘కోబ్రాస్టైల్’ లేకపోతే అది 2005 స్వీడన్ రూపం. ఉంటే 2007 బ్రిటన్ విడుదల గానీ, ఆ తర్వాతిది గానీ. అమెరికాలో 2008 ఏప్రిల్‌లో వచ్చింది. ‘కోబ్రాస్టైల్’ అసలు టెడ్డీబేర్స్ పాట, రాబిన్ మళ్లీ పాడింది. పాత రూపానికి అలవాటుపడ్డ చెవికి కొత్తదాంట్లో వరస, కొన్ని మిక్సింగులు తేడాగా తగులుతాయి. అది మీ చెవి పొరపాటు కాదు. ‘రాకమోనీ’ అనే చిన్న సీడీ విడిగా ఉంది, అందులో ‘బీ మైన్’ నెమ్మదైన రూపం వినదగ్గది.

‘విత్ ఎవ్రీ హార్ట్‌బీట్’ ఆమె పాటా, క్లీరప్ పాటా?

ఇద్దరిదీ. స్వీడన్ సంగీత నిర్మాత ఆండ్రియాస్ క్లీరప్, రాబిన్ కలిసి రాశారు, రికార్డు మీద రెండు పేర్లూ ఉంటాయి. క్లీరప్ ఆల్బమ్‌లో కూడా ఇదే రికార్డింగు దొరుకుతుంది. మామూలు పల్లవి, చరణాల లెక్కకు ఒదగని పాట. మధ్యలో తాళం ఆగిపోయి తంత్రీ వాద్యాలు మాత్రమే మిగులుతాయి, తర్వాత ఒకే వాక్యం మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఇలాంటిది 2007 ఆగస్టులో బ్రిటన్ సింగిల్స్ పట్టికలో 1వ స్థానం పట్టింది. ‘షో మీ లవ్’ 1998లో అక్కడ 8 దాకానే వెళ్లింది.

ఇండిపెండెంట్ అంటూనే అమెరికాలో ఇంటర్‌స్కోప్ అనే పెద్ద కంపెనీ మీద ఎందుకు విడుదల చేసింది?

లైసెన్సు ఇవ్వడం, అమ్మేయడం ఒకటి కాదు. ఇల్లు అద్దెకిస్తే ఇల్లు మీదే ఉంటుంది. మాస్టర్ తన కంపెనీ దగ్గరే ఉంచుకుని, ఒక దేశంలో, ఒప్పుకున్న కాలం పాటు అమ్ముకునే అనుమతి ఇవ్వడమే లైసెన్సు. అమెరికా అంత దేశంలో రేడియో స్టేషన్ల చుట్టూ తిరిగే సిబ్బంది స్టాక్‌హోమ్‌లోని చిన్న కంపెనీకి ఉండరు, ఆ పని తెలిసినవాళ్లకు అప్పగించింది. తేడా ఏమిటంటే ఈసారి ఆల్బమ్ పూర్తయ్యాక బేరానికి కూర్చుంది. పాటల జాబితా అప్పటికే ఖాయం. ‘మై ట్రూత్’ నాడు కంపెనీ అడిగిన ప్రశ్న ఇక ఎవరూ అడగలేరు.

పాత మూడు ఆల్బమ్‌లు ఇప్పుడు ఎవరివి?

బీఎంజీ 2004లో సోనీతో కలిసింది, 2008లో సోనీ మిగతా సగం కొనుక్కుంది. ఆ రికార్డింగులు ఆ దారిలోనే సోనీకి వెళ్లాయి. స్ట్రీమింగ్ యాప్‌లో ఆల్బమ్ అడుగుకు జరిగితే వృత్తంలో ‘పి’ గుర్తు పక్కన సొంతదారు పేరుంటుంది. 1995 నాటి ఆల్బమ్ అడుగునా, 2005 ఆల్బమ్ అడుగునా ఆ గీత చదివి పోల్చండి.

స్వీడన్ ప్రభుత్వం డబ్బు పెట్టడం వల్లే ఇదంతా సాధ్యమైందా?

పురపాలక సంగీత పాఠశాలలు ఊరూరా ఉండటం, కళల మండలి సాయం, సంగీత ఎగుమతికి ఒక సంస్థ ఉండటం నిజమే. వాయించేవాళ్లూ, శబ్దం కూర్చేవాళ్లూ అంతమంది తయారవడానికి అవి కారణం. కానీ ఒప్పందం తెంచుకోవడానికి ఏ ప్రభుత్వమూ సాయం చేయదు.

తెలుగులో సొంత పాటలు చేసుకునేవాళ్లకు ఇందులో పనికొచ్చేది ఏమిటి?

పాట పూర్తయిన రోజే వాటాలు రాసుకోండి. మాట ఎవరిది, బాణీ ఎవరిది, ఎంత శాతం, అందరి సంతకాలు, ఒక కాగితం చాలు. పాట ఆడాక రాసుకుందామంటే కుదరదు, అప్పటికి ప్రతి ఒక్కరికీ తన పనే ఎక్కువగా గుర్తుంటుంది. రచయితలు, స్వరకర్తలు మన దేశంలో వాళ్ల హక్కుల సంఘమైన ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులై ప్రతి పాటనూ నమోదు చేసుకోవాలి. 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టం ప్రకారం, సినిమా బయటి పాటలకు కూడా రచయిత తన రాయల్టీ వాటాను కంపెనీకి రాసివ్వడం చెల్లదు. వారసులకో, హక్కుల సంఘానికో తప్ప ఇవ్వకూడదు. ‘సర్వహక్కులూ’ అని ఎవరైనా కాగితం ముందు పెడితే ఈ మాట గుర్తుచేయండి.

పేరు స్పెల్లింగు ఒకటే ఉంచండి. ఒక పాటకు ఒకలా, ఇంకో పాటకు ఇంకోలా రాస్తే యాప్‌లలో రెండు పేజీలు పుడతాయి, శ్రోతలు చీలిపోతారు. వేరేవాళ్ల పేజీలో మీ పాట పడితే విడదీయించడానికి వారాలు పడుతుంది.

ఏ వరసలో వినాలి?

ముందు ‘షో మీ లవ్’, వెంటనే ‘బీ మైన్’. మధ్యలో ఎనిమిదేళ్లున్నాయి, గొంతు మాత్రం అదే. తర్వాత ‘మై ట్రూత్’లో ‘గివింగ్ యూ బ్యాక్’, దాని తర్వాత ‘హూజ్ దట్ గర్ల్’, చివర ‘విత్ ఎవ్రీ హార్ట్‌బీట్’. 2010 నాటి ‘బాడీ టాక్’ వరసకు వెళ్లేముందు 2005 ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి వినండి. ‘కరికులమ్ వీటే’ అనే ఆరంభాన్ని దాటేయకండి. అది పాట కాదు, ఆమె గొప్పతనాన్ని ఏకరువు పెట్టే వదరు మాటల పరిచయం. ఆ హడావిడి అయిన వెంటనే అసలు ఆల్బమ్ మొదలవుతుంది.